ఏ కాలో నేనే చెప్తాను

ఏ కాలని ఇప్పటికి ముగ్గురు అడిగారు. పొద్దున్న వార్డులో సిస్టరు అడిగింది, ఆ తర్వాత మత్తు డాక్టరు అడిగాడు, ఇందాక నీలం టోపీ పెట్టుకున్న కుర్ర డాక్టరమ్మ వచ్చి, దుప్పటి పక్కకు తీసి, రెండు కాళ్ళూ కళ్ళెదురుగానే కనబడుతుంటే, ఏ కాలండీ, మీ నోటితో మీరే చెప్పాలి, అంది. చూస్తే తెలియడం లేదా తల్లీ అందామనుకున్నాను. ఒకటి అందరికీ ఉండే కాలు, అయిదు వేళ్ళది. రెండోది ముంగాలు ముందుకు వంగి, పాదం బయటికి ఒరిగి, మోకాలి దగ్గర్నుంచి కిందిదాకా పాత కమ్మీలు దిగిన మచ్చలతో, చివర మూడంటే మూడు వేళ్ళతో ఉంది. వీటిలో దేని పాదం తీయించుకోవడానికి వచ్చానో కనుక్కోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. అయినా అడగాలట. రూలట. ఎడమది, అన్నాను. ఆ అమ్మాయి సిరా కలంతో ముంగాలి మీద కిందికి చూసే బాణం గుర్తు గీసి, చీలమండ చుట్టూ కోసే దారి పొడుగునా చుక్కలు పెట్టి, లోపలున్న కేసు అవగానే పిలుస్తారు, ఓ గంట పట్టొచ్చు, భయపడకండి, అని చెప్పి వెళ్ళిపోయింది. నేనేమీ భయపడడం లేదు, చలేస్తోంది, అంతే. ముప్పయ్యేళ్ళుగా ఈ కాలు గురించి ఎవరెవరో ఏమేమో నిర్ణయించేశారు గానీ నన్ను ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఇవాళ ఒక్క పూటలో ముగ్గురు అడిగారు. అందుకు మాత్రం కాస్త గర్వంగానే ఉంది.

ఇది గది కూడా కాదు, ఆపరేషన్ థియేటరు ముందు ఆకుపచ్చ తెర కట్టిన వసారా ముక్క. చక్రాల మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి పోయారు. పైకప్పులో ఒక ట్యూబులైటు వెలుగుదామా వద్దా అని తటపటాయిస్తోంది. తెర అవతల నడవా, నడవా చివర బెంచీ, బెంచీ మీద అమ్మ. అమ్మ ఒక్కతే. నాన్న రాలేదు. నువ్వా బల్లెక్కితే నేనా ఆసుపత్రి గుమ్మం తొక్కను, అన్నాడు, అన్నమాట మీద నిలబడే మనిషి, రాడు. రాకపోతే మానె. ఆయన రాలేదని ఆపరేషన్ ఆగదు, సంతకం నేనే పెట్టాను, జీతం నాది, కాలు నాది. అయినా తెర అవతల ఎవరు నడిచినా చెవి అటే పోతోంది, ఈ పాడు చెవులకి సిగ్గు లేదు. చిన్నప్పటి నుంచీ మంచం మీద పడుకుని తలుపు అవతల అడుగులు వినడమే నా పని కాబట్టి ఎవరి నడకైనా ఇట్టే పట్టేస్తాను. ఇప్పుడు పోయింది సిస్టరు, రబ్బరు చెప్పులు, వేగం. ఆ వెనకాల బరువుగా ఈడ్చింది మంచాలు తోసే ఆయన. నాన్న నడకైతే కుడి అడుగు కొంచెం గట్టిగా పడుతుంది, నలభై ఏళ్ళు కుట్టు మిషను తొక్కిన కాలు, నేల మీద కూడా తొక్కుతూనే ఉంటుంది. ఆ చప్పుడు ఇంతవరకూ రాలేదు.

మోకాలి కింద మనిషికి రెండు ఎముకలుంటాయి, లావుది ఒకటి, పక్కన సన్నది ఒకటి. నాకు ఆ సన్నది రాలేదు. కడుపులో ఉండగానే ఏర్పడలేదు, ఎందుకో ఎవరికీ తెలియదు, ఇది ఎవరి తప్పూ కాదు, అని డాక్టర్లు అప్పుడే చెప్పారు. డాక్టర్లు చెబితే చుట్టాలు ఊరుకుంటారా. కడుపుతో ఉన్నప్పుడు అమ్మ మెట్ల మీద జారిందని ఒకరు, కడుపుతో ఉన్న మనిషి పక్కన కూర్చుని నాన్న పగలస్తమానం కత్తెర ఆడించాడని ఒకరు. పెద్దత్త అయితే, నీ కత్తెరే తగిలిందిరా పిల్లకి, అని మొహం మీదే అనేసింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు, ఆవిడ మాత్రం ఎన్నిసార్లు జారినా తీసుకోలేదు, నాన్న ఆవిడకి బట్టలు కుట్టడం మానలేదు. నాకు ఏడాది నిండినప్పుడు ఓ పెద్ద డాక్టరు చూసి, ఈ పాదం ఎప్పటికీ సరిగా పనిచేయదు, ఇప్పుడే తీసేస్తే కింద కృత్రిమ కాలు పెడతాం, రెండేళ్ళు వచ్చేసరికి పరిగెత్తుతుంది, అన్నాడట. అమ్మ ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. కోస్తానన్నాడే ఆ మహానుభావుడు, ఉన్నదాన్ని కోస్తానన్నాడు, మీ నాన్న మారు మాట్లాడకుండా నిన్ను దుప్పట్లో చుట్టుకుని లేచి వచ్చేశారు, అనేది, ఏదో కోట గెలుచుకొచ్చినట్టు. నేనూ గర్వంగానే వినేదాన్ని. బళ్ళో ఎవరైనా కుంటిదానా అంటే, నా కాలు కోస్తామంటే మా నాన్న ఇవ్వలేదు తెలుసా, అని ఎదురు చెప్పేదాన్ని. పరిగెత్తుతుంది అన్న ముక్క ఆ కథలో ఎప్పుడూ ఉండేది, ఆ ముక్క అమ్మ చెప్పేది, నేను వినేదాన్ని, ఇద్దరికీ చెవికెక్కలేదు.

కోయకపోతే మరి సాగదీయాలి. నాతోపాటు మంచి కాలు పెరుగుతోంది, ఇది వెనకబడిపోతోంది. ఎముకని మధ్యలో విరిచి, కాలు చుట్టూ ఇనప రింగుల చట్రం బిగించి, ఆ రింగుల నుంచి సన్న కమ్మీలు చర్మంలోంచి ఎముకలోకి దించి, రోజూ నట్లు కొంచెం కొంచెం తిప్పుతూ పోతే విరిగిన రెండు ముక్కలూ దూరం జరుగుతాయి, మధ్య ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. వినడానికి ఎంత బాగుందో. ఆరేళ్ళప్పుడు ఒకసారి, పదేళ్ళప్పుడు ఒకసారి, పధ్నాలుగేళ్ళప్పుడు ఒకసారి, మూడు చట్రాలు మోశాను. ఎముక సాగుతుంది గానీ కండకీ నరానికీ ఆ సంగతి ఎవరూ చెప్పరు, అవి బిర్ర బిగిసి కూర్చుంటాయి. పక్క మార్చుకోలేను, కమ్మీలు దిగినచోట చీము పడితే అమ్మ దూదితో తుడుస్తూ, ఏడవకే ఏడవకే, అంటూ తనే ఏడ్చేది. నట్లు తిప్పడం నాన్న పని. కొట్లో కుడుతున్న బట్ట ఎవరిదైనా సరే వదిలేసి వేళకు ఇంటికొచ్చేవాడు, చేతులు కడుక్కుని, నా కాళ్ళ దగ్గర పీట వేసుకుని కూర్చుని, చిన్న స్పానరు తీసుకుని, అమ్మలూ, నేను తిప్పుతున్నానూ, అని ముందే చెప్పి తిప్పేవాడు. నొప్పి ఆ క్షణంలో రాదు, ఓ గంట పోయాక మొదలై, ఇక అంతే. ఆయన చేతిలో గుండీల కాజాలు కుట్టేంత నెమ్మది ఉండేది. ఆ నెమ్మదే నాకు అసహ్యంగా ఉండేది. గబుక్కున తిప్పి పారేయవచ్చు కదా నాన్నా అని అరిచేదాన్ని, గబుక్కున తిప్పితే దారం తెగుతుంది తల్లీ, అనేవాడు, ఎముకకి దారానికి తేడా లేనట్టు.

తేడా ఒకచోట బయటపడింది. రెండో చట్రం బిగించిన కొత్తలో డాక్టరు నా తల వైపు నిలబడి, ఇలా తిప్పండి, అని చూపించాడు. నాన్న ఎప్పటిలా నా కాళ్ళ వైపు కూర్చుని తిప్పాడు. పైగా అది కుట్టు మిషను చక్రానికి అలవాటుపడిన చెయ్యి. మిషను చక్రాన్ని ఎప్పుడూ కుట్టేవాడి వైపుకే తిప్పాలి, అవతలికి తిప్పితే దారం చిక్కుపడి సూది విరుగుతుంది, కొట్లో పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ నాన్న మొదట చెప్పే పాఠం అదే. ఆ చెయ్యి తనకి తెలిసిన పని చేసింది, తన వైపుకే తిప్పింది. వారం రోజులు వెనక్కి తిప్పాడు. దూరం జరగాల్సిన ఎముక ముక్కలు దగ్గరికి జరిగాయి. పరీక్షకి వెళితే డాక్టరు ఎక్స్‌రే చూసి, మీరేం చేశారండీ, అని అడిగాడు, నాన్న చెప్పాడు, డాక్టరు నవ్వేసి, పోనీండి, వారం వెనకబడ్డాం, మళ్ళీ తిప్పుదాం, నష్టమేమీ లేదు, అన్నాడు. నష్టమేమీ లేదన్న మాట నాన్న చెవిలో పడలేదు. ఇంటికొచ్చి చట్రం మీద సుద్దతో బాణం గుర్తు వేశాడు, చెరిగిపోతుందని ఎర్ర దారం కూడా చుట్టాడు, ఇక ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పలేదు. కానీ ఆ వారం సంగతి నాకే తెలుసు. ఆ వారం నాకు నొప్పి రాలేదు. సాయంత్రం పడుకుంటే తెల్లవారేదాకా మెలకువ వచ్చేది కాదు. నాన్న చెయ్యి మహా చల్లగా ఉందనుకున్నాను, ఇంతకాలానికి నాకు నయమవుతోందనుకున్నాను.

మూడో చట్రం తీసేశాక కాళ్ళు రెండూ దాదాపు సమానమయ్యాయి. దాదాపు. ఇంకా రెండంగుళాలు తక్కువ ఉండిపోయింది, ఇక సాగదన్నారు, చెప్పు కింద ఎత్తు పెట్టుకోమన్నారు. నాన్న నా బట్టలన్నీ, ఆ ఎత్తు కనబడకుండా, ఎడమ వైపు అంచు సుద్ద గీతంత కిందికి దించి కుట్టేవాడు, ఎవరు చూసినా తేడా కనబడదు, అంతటి పనితనం. పెళ్ళిళ్ళలో నన్ను నిలబెట్టి, చూడు, ఏమైనా తెలుస్తోందా, అని అమ్మని అడిగేవాడు. తెలియనివ్వకపోవడమే వాళ్ళిద్దరికీ పండగ. నాకు తెలిసేది కదా. పాదం చీలమండ దగ్గర గడ్డకట్టి కదలడం మానేసింది, ఒరిగిన పక్క మీద కాయలు కాశాయి, లోపల కీలు అరిగిపోయింది, ముప్పై నిండకుండానే డెబ్బై ఏళ్ళ కీలు వచ్చింది. సమానంగా ఉన్న కాళ్ళతో నేను వీధి చివరిదాకా నడవలేకపోయాను. ఎవరైనా అడిగితే మాత్రం, కాలు దక్కించుకున్నాం, అని చెప్పేది అమ్మ. దక్కింది కాలు, నేను కాదు.

నాది బస్టాండులో అనౌన్సర్ ఉద్యోగం. ప్లాట్‌ఫారాల పైన అద్దాల గది, ఎక్కడానికి ఇనప మెట్లు. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది బయల్దేరుతోందో చెప్పాలి, త్వరపడవలసిందిగా కోరుతున్నాం, అనాలి. రోజుకి ఎన్ని వందల మందిని త్వరపెడతానో, నేను మాత్రం ఒక్క బస్సు వెనక కూడా పరిగెత్తింది లేదు. నీకేమమ్మా, కాలు మీద కాలేసుకుని కూర్చునే ఉద్యోగం, అంటాడు మా సూపర్‌వైజరు. ఏ కాలు మీద ఏ కాలు వేసుకోమంటారు సార్, అన్నాను ఒకసారి, ఆ తర్వాత నెల రోజులు నా మొహం చూడలేదు. మన మాటల్లో కూడా కాళ్ళు లేనిదే పూట గడవదు, కాలికి బలపం కట్టుకు తిరుగుతున్నాడంటారు, కాలు కాలిన పిల్లి అంటారు, ఇంట్లో కాలు నిలవదంటారు, నా కాలు ఎప్పుడూ నిలిచే ఉంది, కదలనిదే దాని జబ్బు. ఓసారి ఒకాయన నా గొంతు విని ముచ్చటపడి, ఆ గొంతు ఎవరిదో చూద్దామని మెట్లెక్కి వచ్చాడు. నేను కుర్చీలోంచి లేచి మంచినీళ్ళ కుండ దగ్గరికి నడవడం చూసి, అయ్యో పాపం, అన్నాడు. మైకు ఆపలేదన్న సంగతి నాకు తెలుసు. పాపం మీదేనండీ, అయిదో ప్లాట్‌ఫారం మీద మీ బస్సు వెళ్ళిపోయింది, మీరిక్కడే ఉన్నారు, అన్నాను. కింద బస్టాండంతా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండుతుంది. కానీ ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే మాత్రం రెండు చేతులా కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా ఆగి, పళ్ళు బిగపట్టి దిగాను, ఆ సంగతి ఎవరికీ మైకులో చెప్పలేదు.

నా చెప్పుకి ఎత్తు కట్టేవాడు, కృత్రిమ కాళ్ళు చేసేవాడు ఒక్కడే. మా ఇంట్లో ఆయన్ని కాళ్ళాయన అంటాం. పాత షెడ్డు, గోడ పొడుగునా వేలాడే కాళ్ళు, పిల్లలవీ పెద్దలవీ, కొన్నింటికి బూట్లు కూడా తొడిగి ఉంటాయి, గదంతా సుద్దపొడి, ఆకురాయి చప్పుడు. నాన్న ఆ షెడ్డు లోపలికి ఎప్పుడూ రాలేదు, వీధిలోనే నిలబడేవాడు, చెప్పు అరిగినప్పుడల్లా నన్ను లోపలికి పంపి తను అవతలి వైపు తిరిగి. కిందటేడు ఒకరోజు వెళ్ళేసరికి నాలుగేళ్ళ పిల్ల ఒకతి షెడ్డులో ఆ చివర్నుంచి ఈ చివరికి పరిగెడుతోంది. ఆగమంటే ఆగదు. వాళ్ళమ్మ పట్టుకుని బల్ల మీద కూర్చోబెడితే, అది ఎడమ మోకాలి కింద పట్టీ ఊడదీసి, కాలు లాగి తలకిందులు చేసి, అందులోంచి ఇసక దులిపింది. నాలాంటిదే. సన్న ఎముక లేకుండానే పుట్టిందట, ఏడాదికే పాదం తీసేశారట, ఇప్పుడు కాలు పెరిగిందని కొత్తది కొలతకి వచ్చారట. అది నన్ను ఎగాదిగా చూసింది, నా ఎత్తు చెప్పు చూసింది, నేను కుంటుతూ వచ్చి కూర్చోవడం చూసింది. నీ కాలు ఊడదా, అని అడిగింది. ఊడదమ్మా, అన్నాను. అయ్యో, అంది.

ఆ అయ్యోలో వెటకారం లేదు. జాలి, అచ్చమైన జాలి. నా కాలు ఊడనందుకు ఒక పిల్ల నా మీద జాలిపడింది. నాకు నవ్వు రావాలి, రాలేదు, ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు. అమ్మ కథలో ఇన్నాళ్ళూ చెవికెక్కని ముక్క ఒకటి ఉందే, రెండేళ్ళకి పరిగెత్తుతుంది అన్న ముక్క, అది నా ముందే షెడ్డులో గిరగిరా తిరిగి కూర్చుంది. ఇప్పుడు తీయించుకుంటే నాకూ పెడతారా, అని కాళ్ళాయన్ని అడిగాను. ఆయన ఆకురాయి పక్కన పెట్టి, టేపు తీసి, రెండు కాళ్ళూ కొలిచి, పొట్టిగా ఉండడమే మంచిదైందమ్మా, కింద పాదం బిగించడానికి నాకు కొంచెం జాగా కావాలి కదా, అన్నాడు. విన్నారా. మూడు చట్రాలు మోసి, బడి మానేసి, చీమూ నెత్తురూ కార్చి, ఇంకా మిగిలిపోయిందే అని ఇల్లంతా ఏడ్చిన ఆ రెండంగుళాలు ఇప్పుడు పనికొస్తాయట. వీధిలో నాన్న అవతలి వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆయన వీపు చూస్తూ, చెప్పాలి, ఇవాళే చెప్పాలి, అనుకున్నాను, చెప్పడానికి రెండు నెలలు పట్టింది. బస్టాండంతా వినబడేలా మాట్లాడేదాన్ని, ఆయన ముందు మాత్రం నాకు నోరు పెగలదు.

చెప్పాక ఇల్లు ఇల్లులా లేదు. అమ్మ, ఉన్నదాన్ని పోగొట్టుకుంటావుటే, లేనివాళ్ళని చూడవే, అని మొదలుపెట్టింది. లేనివాళ్ళని చూసే చెబుతున్నానమ్మా, వాళ్ళు పరిగెడుతున్నారు, అన్నాను. నాన్న మాత్రం, గుడ్డ కోస్తే అతుకు వేయగలను, కాలికి అతుకు వేయలేను, అన్నాడు. నువ్వు వేయక్కర్లేదు నాన్నా, కాళ్ళాయన వేస్తాడు, అన్నాను, ఆ మాట అనకూడదని అంటుంటేనే తెలిసింది. లేచి వెళ్ళిపోయాడు. అప్పుడే ఆ గుమ్మం తొక్కను అన్న మాట వచ్చింది. నాకూ మండింది. మీరు దక్కించుకున్నది కాలుని, దానికి పైన నేనొకదాన్ని ఉన్నానని ఎవరికైనా గుర్తుందా, అని ఆయన వెనకాలే అరిచాను. అప్పట్నుంచీ ఆయన నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, ఒకే ఇంట్లో ఇద్దరం ఒకరి అడుగులు ఒకరం వింటూ తిరిగాం. ఇవాళ పొద్దున్న వార్డులో అమ్మ నా జుట్టు దువ్వుతూ ఊరికే అన్నట్టు అంది. మీ నాన్న కొట్లో దారం లేకుండా మిషను చక్రం తిప్పుకుంటూ కూర్చుంటున్నారే, ఆ వారం నేను వెనక్కి తిప్పకపోయుంటే దీనికి ఈ గతి పట్టేది కాదు, అంటున్నారు, అని. నేను దువ్వెన లాగేసుకున్నాను. ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళు ఆ వారాన్ని మోస్తున్నాడా ఈ మనిషి. నేను ఆయనది పట్టుదల అనుకున్నాను, పరువు అనుకున్నాను, మొండితనానికి మొండితనంతోనే జవాబు చెప్పాను. తన చేత్తో పాడుచేశానని ఆయన అనుకుంటున్న దాన్ని నేను వెళ్ళి కోయించుకుంటుంటే, ఎలా వస్తాడు. రాడు. రావాలి. ఈ తలుపు తెరుచుకునేలోపు రావాలి, ఆయనకి నేనొక్క మాట చెప్పాలి, ఆ మాట ఆపరేషన్ అయ్యాక చెబితే ఓదార్పు మాటలా ఉంటుంది, ఇప్పుడు చెబితేనే నిజంలా ఉంటుంది.

చలి కాదు, భయమే. సరే, భయమే అనుకోండి, భయపడితే వెనక్కి తగ్గినట్టు కాదు. లేని పాదం కొన్నాళ్ళు దురద పెడుతుందని, అక్కడే ఉన్నట్టు నొప్పి కూడా రావచ్చని మత్తు డాక్టరు ముందే చెప్పాడు. ఉన్నప్పుడు పెట్టిన బాధ చాలక పోయాక కూడా వదలదట, చుట్టాల్లాగే. తల కొంచెం ఎత్తి చూస్తే దుప్పటి చివర మూడు వేళ్ళూ కనబడుతున్నాయి. చిన్నప్పుడు మంచం మీద వేరే ఆట లేక వాటికి పేర్లు పెట్టాను, లావుది పెద్దాయన, మధ్యది గుమాస్తా, చివరిది చంటిది. గుమాస్తా ఎప్పుడూ పెద్దాయన మీదికి ఒరిగి చెవిలో ఏదో చెబుతున్నట్టుంటాడు. మీ తప్పు కాదర్రా, అన్నాను వాటితో, లోలోపలే. మీరేం చేస్తారు, మిమ్మల్ని నిలబెట్టాల్సిన ఎముకే రాలేదు. మీ మీద నాకు కోపం లేదు, ఉన్నన్నాళ్ళూ చేయగలిగింది చేశారు, ఇక నన్ను పోనివ్వండి. కళ్ళలో నీళ్ళొచ్చాయి, తుడుచుకోవడానికి చేతికి సూది గుచ్చి ఉంది, చెవుల్లోకి కారనిచ్చాను. ఏడుస్తున్నాను కాబట్టి మనసు మార్చుకున్నానని ఎవరైనా అనుకుంటే వాళ్ళ ఖర్మ. ఏడుస్తూనే వెళ్తాను, ఏడుస్తూ వెళ్ళకూడదని రూలేమీ లేదు.

నడవాలో అడుగులు. రబ్బరు చెప్పులు కావు, ఈడుపు కాదు. ఒకటి మామూలుగా, ఒకటి గట్టిగా. బెంచీ దగ్గర ఆగాయి. అమ్మ గొంతు ఏదో అంది. మళ్ళీ మొదలయ్యాయి, నెమ్మదిగా, కాజా కుట్టేంత నెమ్మదిగా, నాకు ఎప్పుడూ అసహ్యంగా ఉండే ఆ నెమ్మదితోనే తెర దాకా వచ్చాయి. తెర తొలగింది. కొట్లోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, టేపు మెడలోనే ఉంది, చొక్కా మీద దారప్పోగులు. నా మొహం చూడలేదు. కాలే చూశాడు. బాణం గుర్తు చూశాడు, చీలమండ చుట్టూ చుక్కలు చూశాడు, వంగి, సుద్ద గీత సరి చూసుకున్నట్టు ఆ చుక్కల పైనుంచి బొటనవేలు తగలనీయకుండా చుట్టూ తిప్పాడు.

"ఎవరు గీశారు?"

"డాక్టరమ్మ."

"కుట్టులోకి వదిలారా?"

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఎంత మంచి గుడ్డయినా గీత మీదికే కోస్తే కుట్టడానికి ఏమీ మిగలదు, కుట్టులోకి కొంత వదిలి కోయాలి. నలభై ఏళ్ళుగా గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు ఆయన తనకి తాను వేసుకునే ప్రశ్న అది.

"వదిలారు నాన్నా. మడమలో ఎముకే తీస్తారు. మడమ చర్మం, దాని కింద మెత్త, రెండూ ఉంచుతారు. దాన్నే ముందుకు మడిచి ఎముక చివర కుడతారు. నిలబడేది నా మడమ మీదే."

ఆయన చుక్కల దారి మళ్ళీ ఒకసారి చూశాడు. "మడిచి కుడితే చిరగదు," అన్నాడు. ఆ తర్వాత టేపు చివర వేలికి చుట్టుకుంటూ, "ఆ వారం నేను గనక సరిగా తిప్పుంటే..." అన్నాడు.

"నాన్నా, ఇటు చూడు. ఆ వారం నాకు నొప్పి లేదు. మూడు చట్రాలు మోశానా, అన్నిట్లో నేను హాయిగా నిద్రపోయింది ఆ వారమే. నువ్వెటు తిప్పినా ఇది ఇక్కడికే వచ్చేది, లేని ఎముకని నువ్వు కుట్టి పెట్టలేవు కదా. నువ్వు తప్పు తిప్పినందుకే నేను పడుకోగలిగాను."

అప్పుడు నా మొహం చూశాడు. "నిజం చెబుతున్నావా, ఊరడిస్తున్నావా?"

"ఊరడించే రకాన్నా నేను?"

"కాదులే," అన్నాడు. పెదవి చివర నవ్వులాంటిదేదో వచ్చి పోయింది. మెడలోంచి టేపు తీసి మడిచి జేబులో పెట్టుకుని, దుప్పటి చివర లాగి నా మంచి కాలు మీద కప్పి, రెండోది అలాగే వదిలేశాడు. ఇన్నేళ్ళలో ఆయన దాన్ని కప్పకుండా వదలడం ఇదే మొదలు.

థియేటరు తలుపు తెరుచుకుంది. మంచాలు తోసే ఆయన తల వైపు వచ్చాడు, సిస్టరు కాళ్ళ వైపు వచ్చింది. నాన్న పక్కనే నడిచాడు, గుమ్మం దాకా, ఆసుపత్రి గుమ్మమే తొక్కనన్న మనిషి. అక్కడ ఇంకొకావిడ, ముక్కుకి గుడ్డ కట్టుకున్న పెద్ద సిస్టరు, మంచం ఆపి, "ఏ కాలండీ?" అంది. నాలుగోసారి.

"ఎడ..." అన్నాడు నాన్న. ముప్పయ్యేళ్ళుగా నా కాలు గురించి ఏ ఆసుపత్రిలో ఎవరేమడిగినా జవాబు చెప్పింది ఆయనే, ఆ నోటికి అలవాటు. అని, ఆగిపోయాడు. నోరు మూసుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, నా వైపు చూశాడు.

నేను గొంతు సవరించుకున్నాను. అద్దాల గదిలో మైకు ముందు కూర్చున్నప్పుడు ఎలా ఊపిరి తీసుకుంటానో అలాగే తీసుకుని, కింద చివరి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్ళకి కూడా వినబడే గొంతుతో, ఒక్కో అక్షరం విడివిడిగా, ఎడమ కాలు, అన్నాను. ట్రేలో ఏదో సర్దుకుంటున్నవాళ్ళు తలెత్తి చూశారు. నడవా చివర బెంచీ మీద అమ్మకి కూడా వినబడే ఉంటుంది.